ఆరు వరకే లెక్కపెట్టాను

గుజరాతీ గల్లీలో, మెట్ల కింద,
స్పూల్ మెషీన్ ఇంకా తిరిగే కొట్టు ఒక్కటే మిగిలింది.
కుర్రాడు టేపుకి పట్టిన బూజుని దూదితో తుడుస్తూ
"ఏమున్నయ్ సార్ ఇందులో, పాటలా?" అన్నాడు.
రష్యన్ నాటకం, అన్నాను.
"మీకు రష్యన్ వస్తదా?"
రాదు. తెలుగులోనే ఉంటుంది. నేనూ ఉంటాను,
నలభై ఆరో నిమిషం దగ్గర, ఒకే ఒక్క మాటకి.

చిక్కడపల్లిలో పరాంకుశం మాస్టారి మేడగది. మే నెల.
చప్పుడు టేపులో పడుతుందని ఫ్యాను ఆపేశారు.
కిటికీలకి బొంతలు కట్టారు.
బనీన్లు తడిసి ఒంటికంటుకున్న మనుషులు
"ఎంత చలి! పొయ్యిలో ఇంకో కట్టె వెయ్యండి" అని
ఒకరికొకరు చెప్పుకున్నారు,
నవ్వాపుకోలేక మూడుసార్లు మళ్ళీ మొదలుపెట్టి.

మంచు మీద అడుగులు మొయినుద్దీన్ మామువి:
ఒక గోనెసంచిలో గళ్ళుప్పు, దాని మీద రెండు పిడికిళ్ళు.
"బరఫ్ గిట్లనే ఏడుస్తది" అనేవాడు,
బరఫ్‌ని సోడాబండి మీద తప్ప చూడనివాడు.
మంచుబండి గంటల కోసం
బేగంబజార్‌లో బరాత్ గుర్రం మెడలోవి అద్దెకు తెచ్చాడు.
ఐదులోగా తిరిగివ్వాలి, ఎవరిదో పెళ్ళి.

మాస్టారు నాకు నేర్పిన రష్యన్ ఇంతే:
"వాళ్ళకీ రెండున్నాయిరా, మనలాగే.
ఒక మీరు, ఒక నువ్వు.
ఇంగ్లీషువాడి చేతిలో పడితే రెండూ ఒకటైపోతాయి.
మనకి ఆ పేదరికం లేదు."

అంత గర్వంగా చెప్పినాయన
ఒక్కచోట మూడు వారాలు ఆగిపోయాడు.
జమీందారు భార్య, విధవరాలు, ఊరొదిలి వెళ్ళిపోతూ
భూములు కొలవడానికొచ్చిన అమీనుతో అనే చివరిమాట.
ఊదారంగు కార్బన్ కాపీ నా దగ్గరే ఉంది:
నువ్వు. అది కొట్టేసి, మీరు.
మళ్ళీ నువ్వు. దాని మీద సిరా అలికి, మీరు.

అమీను వేషం ఒప్పుకున్నాయనకి ఆ రోజు గొంతు పోయింది.
మాస్టారే చదివారు.
ఆవిడ ఇందుమతీబాయి, సుల్తాన్‌బజార్ బడిలో లెక్కల టీచరు.
పదకొండేళ్ళ రిహార్సళ్ళు.
టీ గ్లాసు అందుకునేటప్పుడు కూడా
మీరు తాగండి, ముందు మీరు, అనుకునేవాళ్ళు.

కుర్రాడు హెడ్‌ఫోన్ ఒక చెవి నాకిచ్చాడు.
సరసర. ఎవరిదో దగ్గు. గంటలు.
కాచిగూడ వైపు ఒక రైలు కూత,
రష్యాలో ఏ ఊరికి పోతోందో.
తర్వాత ఆవిడ గొంతు:
"వెళ్ళొస్తాను. తలుపేసుకో. నువ్వు మరిచిపోతావు."

కాగితం మీద: తలుపేసుకోండి. మీరు మరిచిపోతారు.

అక్కడ అమీను అనాల్సిన మాట ఒకటుంది.
అనలేదు.
టేపు తిరుగుతూనే ఉంది.
మామూ పిడికిళ్ళు ఉప్పు మీద ఉన్నచోటే ఉన్నాయి.
కింద వీధిలో ఎవడో, ఎంత స్పష్టంగానో,
"గిన్నెలకి కళాయీ..."

నాకు చెప్పింది ఇది: ఆవిడ మాటయ్యాక పది లెక్కపెట్టు,
ఆలోగా నాది అయిపోతుంది, అప్పుడు అరువు.
పదేళ్ళవాణ్ణి. గంటలు ఐదుకి తిరిగివ్వాలి.
అందరూ నన్నే చూస్తున్నారనుకున్నాను.
ఎవరూ చూడటం లేదని ఇప్పుడు తెలుస్తోంది.
ఆరు దగ్గరే అరిచేశాను:
"అమ్మగారూ, బండి సిద్ధం!"

టేపు ఖరీదు. మళ్ళీ తియ్యలేదు.
మర్నాటి నుంచి మళ్ళీ మీరే, గ్లాసు దగ్గర కూడా.

"ఇక్కడ ఖాళీ వచ్చింది సార్" అని కుర్రాడు
తెర మీద సన్నబడ్డ గీత చూపించాడు. "కట్ చెయ్యనా?"
వద్దు, ఉంచు.
కాసేపాగి, సిగ్గు విడిచి అడిగాను:
ఇంకో నాలుగు సెకన్లు కలపగలవా, పిల్లాడి కేకకి ముందు?
"ఖాళీయే కదా సార్, ఎంతైనా కలుపుత."

అప్పటికే వేలు మీట మీద పెట్టాడు.
వద్దులే, అన్నాను.
నీ దగ్గరున్న ఖాళీలో కళాయివాడు ఉండడు.